కాలువ ఒకటే, తూములు వేరు

"ద్రాక్షకి స్టెరాయిడ్లు కొడతారటండీ, నిజమేనా?"

బెంగళూరులో నలుగురు తెలుగువాళ్లు చేరిన చోట పళ్ల మాట వచ్చిందంటే ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది. దేవనహళ్లి, చిక్కబళ్లాపురం వైపు ద్రాక్షతోటలు చూసివచ్చినవాళ్లు, పురుగుమందుల కొట్లో చిన్న సీసా మీద 'హోమోబ్రాసినోలైడ్' అన్న పేరు చదివి ఇంటికొచ్చి గూగుల్‌లో వెతికినవాళ్లు మరీ గట్టిగా అడుగుతారు. స్టెరాయిడ్ అనగానే మనకు గుర్తొచ్చేవి రెండే: కండలు పెరగడానికి జిమ్ముల్లో రహస్యంగా పొడిచే సూదులు, ఆయాసం ముదిరితే డాక్టరు రాసే మాత్రలు. ఆ జాతి సరుకు ద్రాక్షగుత్తిలో ఉందంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది.

నిజమే, కొడతారు. కాయ సైజు పెరగాలని కొడతారు. అయితే ఆ సీసాలో అసలు పదార్థం 0.04 శాతం. లీటరు మందు కొంటే అందులో హార్మోను దాదాపు 0.4 గ్రాము. దాన్నే మళ్లీ బోలెడు నీళ్లలో కలిపి తోటంతా పిచికారీ చేస్తారు. ఇంకో సంగతి ఏమిటంటే, చుక్క మందు కొట్టని ద్రాక్షలోనూ స్టెరాయిడ్ హార్మోను ఉంటుంది. పెరట్లో కరివేపాకులో ఉంటుంది, చేలో రాగిలో ఉంటుంది, కుండీలో తులసిలో ఉంటుంది. మొక్క తనకు కావలసిన స్టెరాయిడ్‌ను తానే చేసుకుంటుంది. చేసుకోలేని మొక్క ఎదగదు, మరుగుజ్జుగా ఉండిపోతుంది.

కాబట్టి అడగవలసింది కొడతారా లేదా అని కాదు. మొక్క దీన్ని ఎలా చేస్తుంది? ఏ జన్యువులు ఆ పని చూస్తాయి? ఎంత చేయాలో, ఎప్పుడు ఆపాలో వాటికి చెప్పేదెవరు? ఈ ప్రశ్నలకు కొన్ని జవాబులు కాలిఫోర్నియాలో, జర్మనీలో, జపాన్‌లో దొరికాయి. కొన్ని బెంగళూరు ఉత్తరాన, వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్న జీకేవీకే ప్రాంగణం పక్కన, అల్లాళసంద్రలో దొరికాయి.

నాలుగు వలయాల చట్రం

స్టెరాయిడ్ అన్నది మందు పేరు కాదు, ఒక ఆకారానికి పేరు. కార్బన్ పరమాణువులు కలిసి నాలుగు వలయాలుగా ఏర్పడతాయి. మూడు వలయాల్లో ఆరేసి పరమాణువులు, నాలుగోదానిలో ఐదు. ఈ చట్రం ఉన్న పదార్థం ఏదైనా స్టెరాయిడే. కొలెస్టరాల్ ఈ కుటుంబానిదే. మన శరీరం దాన్నుంచే టెస్టోస్టెరాన్, ఈస్ట్రోజెన్, కార్టిసాల్ తయారుచేసుకుంటుంది. అన్నిటికీ చట్రం ఒకటే. అంచున ఎక్కడ ఆక్సిజన్ తగిలింది, తోక ఎంత పొడుగు అన్నదాన్నిబట్టి గుణం మారిపోతుంది. మీసాలు మొలిపించేదీ, గర్భాన్ని నిలిపేదీ ఆ చిన్న తేడాలే.

మొక్కలు కొలెస్టరాల్‌ను చాలా కొద్దిగానే చేస్తాయి. వాటి వాడుకలో ఉన్నవి దాని దాయాదులు: సైటోస్టెరాల్, స్టిగ్మాస్టెరాల్, కాంపెస్టెరాల్. వేరుసెనగ నూనెలోనూ నువ్వుల నూనెలోనూ ఉండేవి ఇవే. నూనె ప్యాకెట్టు మీద 'కొలెస్టరాల్ లేనిది' అని గొప్పగా అచ్చువేస్తారు చూడండి, గింజల నూనెలో అది చెప్పుకోదగినంత ఎప్పుడుంది కనుక! ఈ మొక్క స్టెరాళ్ల ప్రధానమైన పని కణాల పొరలకు బిగువునివ్వడం. వీటిలో కాంపెస్టెరాల్‌లోంచి రవ్వంత భాగం మాత్రం హార్మోనుగా మారుతుంది. ఆ హార్మోన్ల కుటుంబం పేరు బ్రాసినోస్టెరాయిడ్లు. అందరిలోకీ చురుకైనది బ్రాసినోలైడ్.

తయారీ ఎలా సాగుతుందో తెలియాలంటే ఒక సాగునీటి కాలువను మనసులో పెట్టుకోవాలి. తుంగభద్ర ఎగువ కాలువ కింద సేద్యం చేసిన అనంతపురం వాళ్లకు నేను విడమరచి చెప్పనక్కర్లేదు. తలదగ్గర వదిలిన నీరు చాలా దూరం ఒక్క కాలువలోనే నడుస్తుంది. తరవాత చీలికలు మొదలవుతాయి. ప్రతి చీలిక దగ్గరా ఒక తూము, తూము ఎత్తడానికీ దించడానికీ లస్కరు. మొక్కలో ఆ నీరు స్క్వాలీన్ అనే పదార్థం. అది ముప్పై కార్బన్ల పొడవాటి గొలుసు. అది మడతపడి నాలుగు వలయాల చట్రమవుతుంది. కొన్ని కార్బన్లు రాలిపోతాయి, తోక దగ్గర కొత్తవి చేరతాయి, అక్కడక్కడ ఆక్సిజన్ అతుక్కుంటుంది. ఒక్కో మార్పు చేయడానికి ఒక్కో ఎంజైము కావాలి. ఆ ఎంజైమును ఎలా కట్టాలో రాసి ఉన్న చోటే జన్యువు. అంటే దారి పొడవునా ఉన్న తూములే జన్యువులు.

ఒక తూము విరిగిందనుకోండి. దిగువ ఆయకట్టు ఎండుతుంది, ఎగువన నీరు నిలిచిపోతుంది. ఏ మడి ఎండిందో, ఎక్కడ నీరు నిలిచిందో చూస్తే విరిగిన తూము ఎక్కడుందో చెప్పొచ్చు. ఈ రంగంలో శాస్త్రవేత్తలు యాభై ఏళ్లుగా చేసినదంతా దాదాపు ఈ పనే.

227 కిలోల పుప్పొడి

అమెరికా వ్యవసాయ శాఖకు మేరీలాండ్‌లోని బెల్ట్స్‌విల్‌లో పెద్ద పరిశోధన కేంద్రం ఉంది. ఆవ జాతికే చెందిన రేప్ మొక్క పుప్పొడి నుంచి తీసిన జిడ్డు సారాన్ని లేత చిక్కుడు కాండానికి పూస్తే, పూసిన చోట కాండం సాగుతోంది, ఉబ్బుతోంది, ఒక్కోసారి పగులుతోంది కూడా అని అక్కడివాళ్లు 1970లో ప్రకటించారు. ఇది కొత్త హార్మోనే అన్నారు. చాలామంది నమ్మలేదు. జిడ్డుసారంలో ఏమున్నదో తేల్చకుండా హార్మోను అంటే ఎలా?

తేల్చడానికి తొమ్మిదేళ్లు పట్టింది. తేనెటీగలు పోగుచేసిన పుప్పొడి 227 కిలోలు సేకరించి, వడపోసి, విడదీసి, మళ్లీ విడదీసి, ఆఖరికి చేతికొచ్చిన స్ఫటికాలు 4 మిల్లీగ్రాములు. ఐదున్నర కోట్లకు పైగా పాళ్ల పుప్పొడిలో ఒక పాలు అన్నమాట. ఆ కాసిని స్ఫటికాల మీద ఎక్స్-కిరణాలు ప్రసరింపజేసి ఆకారం కనుక్కున్నారు. నాలుగు వలయాల చట్రమే, కాకపోతే ఒక వలయంలోకి ఆక్సిజన్ దూరి అది ఏడు పరమాణువుల వలయమైంది. 1979లో 'నేచర్' పత్రికలో ఆ ఫలితం అచ్చయింది. మొక్కల్లో హార్మోనుగా పనిచేసే స్టెరాయిడ్ అలా మొదటిసారి బయటపడింది.

అయినా పాఠ్యపుస్తకాల్లోకి చొరబడలేకపోయింది. ఆక్సిన్, జిబ్బరెల్లిన్, సైటోకైనిన్, ఎథిలీన్, అబ్‌సిసిక్ ఆమ్లం అని పంచపాండవుల్లాంటి ఐదు హార్మోన్లు అప్పటికే స్థిరపడి ఉన్నాయి. ఆరోదాన్ని ఒప్పుకోవడానికి అడ్డొచ్చిన ప్రశ్న మాత్రం న్యాయమైనదే. పైనుంచి పూస్తే కాండం సాగింది, సరే. మొక్క తన బతుకులో తాను దీన్ని వాడుకుంటోందా? పూసినప్పుడు ఏమవుతుందో చూపిస్తే చాలదు, లేనప్పుడు ఏమవుతుందో చూపించాలి. దానికి తూము విరిగిన మొక్క కావాలి.

మరుగుజ్జుల సాక్ష్యం

గుడ్డలో మూటగట్టి చీకట్లో మొలకెత్తించిన పెసలను నాలుగు రోజులు అలాగే వదిలేస్తే తెల్లటి పొడుగాటి కాడలు వస్తాయి, ఆకులు ముడుచుకునే ఉంటాయి. వెలుతురు ఎక్కడుందో అందుకోవాలన్న ఆత్రం అది. మట్టి కింద మొలిచిన ప్రతి గింజా ఇంతే. అరాబిడాప్సిస్ అని ఆవ కుటుంబానికే చెందిన ఒక చిన్న మొక్క ఉంది. తినడానికి పనికిరాదు, చూడ్డానికి అందం లేదు, ప్రయోగశాలల్లో మాత్రం దానికి రాజభోగం. కాలిఫోర్నియా సాల్క్ సంస్థలో జోఆన్ చోరీ బృందం 1991లో ఈ మొక్కలో ఒక విచిత్రమైన రకాన్ని వర్ణించింది. దాన్ని చీకట్లో మొలిపించినా వెలుతురులో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. కాడ పొట్టి, ఆకులు విచ్చుకుని ఉంటాయి. వెలుతురులో పెంచితే అరచేతిలో ఇమిడే ముదురాకుపచ్చ మరుగుజ్జు. దానిలో చెడిన జన్యువుకు డెట్2 అని పేరు పెట్టారు.

ఆ జన్యువులోని రాతను చదివి 1996లో ఫలితం ప్రకటించినప్పుడు అందరూ ఉలిక్కిపడ్డారు. అది పాలిచ్చే జంతువుల్లో స్టెరాయిడ్ హార్మోన్లను మార్చే ఒక ఎంజైముకు దగ్గరి చుట్టం. మొక్కకు బ్రాసినోలైడ్ రవ్వంత అందించగానే మరుగుజ్జు లేచి మామూలు మొక్కలా ఎదిగింది. అదే ఏడాది జర్మనీలోని కొలోన్ నగరంలో మాక్స్ ప్లాంక్ సంస్థ బృందం మరో మరుగుజ్జులో మరో తూమును పట్టుకుంది. దాని పేరు సీపీడీ. అక్కడా ఇదే కథ, బ్రాసినోలైడ్ ఇస్తే మొక్క కోలుకుంది. లేకపోతే ఏమవుతుందో, ఇస్తే ఏమవుతుందో రెండూ తేలిపోయాయి. ఆరో హార్మోను గురించిన వాదన అంతటితో ముగిసింది. రసాయనశాస్త్రం పదిహేడేళ్లు వాదించినా గెలవని దావాను రెండు పొట్టి మొక్కలు గెలిపించాయి.

మరుసటి ఏడాది చోరీ బృందమే ఇంకో ప్రయోగం చేసింది. ఇదంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. డెట్2 చెడిన మొక్కలో దాని బదులు మనిషి జన్యువును పెట్టారు. మన శరీరంలో టెస్టోస్టెరాన్‌ను మరింత ఘాటైన రూపానికి మార్చే ఎంజైముకు ఆధారమైన జన్యువు అది. మొక్క లేచి నిలబడింది! బట్టతలకూ, మగవాళ్లలో ప్రోస్టేట్ గ్రంథి వాపుకూ ఫినాస్టెరైడ్ అనే మాత్ర వాడతారు, తెలుసుగా. ఆ మాత్ర అడ్డుకునేది సరిగ్గా ఈ కుటుంబపు ఎంజైమునే. కోట్ల ఏళ్ల కింద విడిపోయిన రెండు వంశాలు స్టెరాయిడ్ చెక్కడానికి ఇప్పటికీ ఒకే పనిముట్టు వాడుతున్నాయి.

అయితే చుట్టరికం అక్కడితో సరి. తయారైన హార్మోను సందేశాన్ని అందుకునే పద్ధతి పూర్తిగా వేరు. మన స్టెరాయిడ్ హార్మోన్లు సాధారణంగా కణంలోకి చొరబడి లోపలున్న గ్రాహక ప్రోటీనును పట్టుకుంటాయి. మొక్కలో బ్రాసినోలైడ్ కణం గడప దాటదు. పొరమీద నిలబడి ఉన్న బీఆర్ఐ1 అనే గ్రాహకానికి అతుక్కుంటుంది, కబురు లోపలికి ఆ గ్రాహకమే పంపుతుంది. ఆ జన్యువునూ 1997లోనే పట్టుకున్నారు. మనిషి శరీరంలో బీఆర్ఐ1 లేదు. ద్రాక్ష తింటే కండలు పెరగవు, మీసాలూ రావు. ద్రాక్ష విషయంలో బెంగపెట్టుకోదలచినవాళ్లు బూజుతెగుళ్లకు కొట్టే మందుల అవశేషాల గురించి పెట్టుకోవడం ఎక్కువ న్యాయం.

తరవాతి పదేళ్లలో తూములు ఒకటొకటిగా దొరికాయి. వాటిలో చాలామటుకు సైటోక్రోమ్ పీ450 అనే పెద్ద వంశానికి చెందినవి. చట్రం మీద ఎంచుకున్న చోట ఆక్సిజన్ తగిలించడం వీటి వృత్తి. మనిషిలో ఈ వంశపు జన్యువులు 57. పిడికెడంత అరాబిడాప్సిస్‌లో 240కి పైన! కదలలేని జీవి గనక మొక్క తన రక్షణా తన ఎదుగుదలా అంతా రసాయనాలతోనే నెగ్గుకురావాలి మరి. ఈ వంశంలో మనకు ముఖ్యమైనది 1998లో దొరికిన డ్వార్ఫ్4. దారిలో అన్నిటికంటే ఇరుకైన తూము అదే. మిగిలినవి ఎంత వెడల్పుగా ఉన్నా, దిగువకు ఎంత నీరు పోవాలన్నది ఇక్కడే తేలుతుంది. ఈ జన్యువు జోరు పెంచిన మొక్కలు పొడుగ్గా ఎదిగి ఎక్కువ గింజలు కాశాయి.

టమాటాలో చివరి అంకంలో పనిచేసే ఒక తూము పేరే డ్వార్ఫ్. కుండీల్లో పెంచుకునే మైక్రో-టామ్ అనే జానెడు టమాటా పొట్టిగా ఉండటానికి ఒక కారణం ఆ జన్యువు చెడి ఉండటమే. దాన్ని మొదట పెంచింది అలంకారం కోసం. అది స్టెరాయిడ్ లోటున్న మొక్క అని లోకానికి తరవాత తెలిసింది.

ఇక తూము ఎత్తమనీ దించమనీ లస్కరుకు ఎవరు చెబుతారు? దిగువ ఆయకట్టే చెబుతుంది. బ్రాసినోలైడ్ సరిపడా చేరగానే గ్రాహకం ద్వారా కబురు పోయి, కణకేంద్రంలో బీజెడ్ఆర్1 అనే ప్రోటీను మేలుకుంటుంది. అది వెళ్లి డ్వార్ఫ్4, సీపీడీ జన్యువుల తలుపు దగ్గర కూర్చుని వాటిని అణచిపెడుతుంది. 2005లో తేలిన సంగతి ఇది. దీని పర్యవసానం రైతుకు నేరుగా తగిలేదే. బయటినుంచి హార్మోను పిచికారీ చేసినప్పుడు మొక్క తన సొంత తూములను దించేసుకుంటుంది. మోతాదు రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపు కాకపోవడానికి ఇదొక కారణం. సీసా మీద రాసినదానికంటే 'ఇంకో మూత ఎక్కువ' పోసే అలవాటు మనవాళ్లలో ఉంది. ఈ హార్మోను విషయంలో ఆ అదనపు మూత ఖర్చుకే తప్ప కాయకు కాదు.

అల్లాళసంద్రలో పెన్నేరు గడ్డ

ఇంతవరకు చెప్పింది ఎదుగుదల కాలువ. మరి అదే నీటితో వేరే పంట పండించే మొక్కలు ఉన్నాయా? ఉన్నాయి. అందరికీ తెలిసిన పేరు అశ్వగంధ. మన పాతకాలపు వైద్యుల నోట పెన్నేరు గడ్డ. నీటి వసతి తక్కువున్న మెట్ట భూముల్లో వచ్చే పంట. వంకాయ, టమాటా, మిరప, బంగాళాదుంపల కుటుంబమే. దీని వేళ్లలోనూ ఆకుల్లోనూ ఉన్న విథనోలైడులు అనే పదార్థాల కోసమే ఇంత గిరాకీ. హిమాలయా, సామి ల్యాబ్స్ వంటి మూలికల కంపెనీలకు బెంగళూరే కేంద్రం గనక ఈ పంట సంగతి ఈ ఊరికి బాగా కావలసినదే.

విథనోలైడులు కూడా స్టెరాయిడ్లే. నాలుగు వలయాల చట్రం, 28 కార్బన్లు. బ్రాసినోలైడ్‌లోనూ 28 కార్బన్లే. రెండూ ఒకే కాలువ నీటితో తయారవుతాయి. కానీ విథనోలైడ్ మొక్కకు ఎదుగుదల హార్మోను కాదు. పురుగూ తెగులూ పట్టకుండా కాచుకునే ఆయుధం. మనం దాన్ని మందంటాం గానీ గొంగళిపురుగు దృష్టిలో అది విషం.

కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థ (సీమ్యాప్) ప్రధాన కార్యాలయం లక్నోలో ఉంది. దాని బెంగళూరు పరిశోధన కేంద్రం అల్లాళసంద్రలో. అక్కడ దినేశ్ నాగేగౌడ బృందం చాలా ఏళ్లుగా ఈ మొక్క తూములను ఒక్కొక్కటిగా మూసి చూస్తోంది. మూసే పద్ధతి చమత్కారమైనది. మొక్కను పెద్దగా బాధించని ఒక వైరస్‌ను తీసుకుని, అందులో తాము మూయదలచిన జన్యువు ముక్కను కలుపుతారు. వైరస్ లోపలికి వెళ్లగానే మొక్క తన రక్షణ పద్ధతి ప్రకారం ఆ వైరస్ రాతను ముక్కలు ముక్కలుగా కోసేస్తుంది. ఆ రాతను పోలినది ఏది కనిపించినా వదలదు. అందులో తన సొంత జన్యువు పంపిన కబురూ ఉంటుంది పాపం, అదీ కోతకు గురవుతుంది. జన్యువు ఎక్కడికీ పోదు, దాని మాట మాత్రం బయటికి రాదు.

2015లో వాళ్లు ఈ పద్ధతిలో స్క్వాలీన్ తయారుచేసే జన్యువు నోరు నొక్కారు. అది కాలువ తలదగ్గరి తూము. అనుకున్నట్టే స్టెరాళ్లు తగ్గాయి, విథనోలైడులు తగ్గాయి. వాటితోపాటు రోగాలను ఎదుర్కొనే జన్యువుల జోరూ తగ్గింది, మొక్క తెగుళ్లకు లోకువైంది. 2017లో అంతకంటే ఆసక్తికరమైనది దొరికింది. అది తూము కాదు, తూములెత్తే లస్కరు. డబ్ల్యుఎస్-వర్కీ1 అని దాని పేరు. ఈ ప్రోటీను స్క్వాలీన్‌ను చేసే జన్యువు తలుపునూ, దాని తరవాతి జన్యువు తలుపునూ నేరుగా పట్టుకుని తెరుస్తుంది. దీని జోరు పెంచితే అశ్వగంధలో స్టెరాళ్లూ విథనోలైడులూ రెండూ పెరిగాయి. టమాటాలోనూ పొగాకులోనూ పెట్టి చూస్తే అక్కడ స్టెరాళ్లు పెరిగాయి. పొగాకు మొక్క బాక్టీరియాకూ బూజుకూ పురుగుకూ మరింత గట్టిగా తట్టుకుంది. ఇక దీని నోరు నొక్కితే? విథనోలైడులు తగ్గడమే కాదు, అశ్వగంధ మొక్కే గిడసబారిపోయింది. తలదగ్గరే నీరు ఆగిపోతే కణాల పొరలకూ ఎదుగుదల హార్మోనుకూ కూడా ముడిసరుకు కరువవుతుంది కదా. మందు కావాలి, మొక్క ఎదగకపోయినా పరవాలేదు అని ఏ పంటరైతూ అనడు. 2022లో ఇదే కేంద్రం విథనోలైడుల దారిలో పనిచేసే పీ450 జన్యువులను మరో మూడింటిని వర్ణించింది.

మరి చీలిక ఎక్కడ? ఎదుగుదల వైపు పోవలసిన నీరు మందు వైపు తిరిగే చోటు ఏది? ఆ జవాబు 2018లో జపాన్ శాస్త్రవేత్తల నుంచి వచ్చింది. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చే ఘట్టం ఇది. 24-మిథిలీన్ కొలెస్టరాల్ అనే పదార్థం దగ్గర కాలువ చీలుతుంది. ఒక తూము దాన్ని కాంపెస్టెరాల్ వైపు పంపుతుంది, అక్కడినుంచి బ్రాసినోలైడ్. అది చెడిన మొక్కలు మరుగుజ్జులవుతాయని అంతకుముందే తెలుసు. రెండో తూము అదే పదార్థాన్ని విథనోలైడుల వైపు తిప్పుతుంది. ఈ రెండో తూము ఎక్కడినుంచి వచ్చిందయ్యా అంటే, మొదటి దానికి నకలు! ఎప్పుడో పూర్వం ఎదుగుదల జన్యువు ఒకటి పొరపాటున రెండు ప్రతులైంది. అసలు ప్రతి తన పాతపని చేసుకుంటూ పోయింది. మొక్క బతుక్కి ఢోకా లేదు గనక నకలుకు స్వేచ్ఛ దొరికింది. మారుతూ మారుతూ కొత్త దారి పట్టి ఆయుధాల తయారీలో చేరింది. ఇదే వంశంలో ఇంకో ప్రతి బంగాళాదుంపలోనూ టమాటాలోనూ ఉంది. అది నీటిని కొలెస్టరాల్ వైపు తిప్పుతుంది, అక్కడినుంచి సొలనిన్ తయారవుతుంది. ఎండ తగిలి పచ్చబడిన బంగాళాదుంప చేదెక్కి తినరానిదయ్యేది ఆ సొలనిన్ జాతి విషాల వల్లనే. అంటే మొక్క నిటారుగా ఎదగడం, అశ్వగంధ మందు కావడం, ఆలుగడ్డ విషమెక్కడం ఒకే జన్యువు తాలూకు మూడు ప్రతుల పని.

కాలువ పోలికను నమ్ముకుని ముందే జోస్యం చెబితే మాత్రం దెబ్బతింటాం. ఎదుగుదల తూమును బార్లా ఎత్తితే మందు వైపు నీరు తగ్గాలి కదా? జమ్మూలోని సీఎస్ఐఆర్ సంస్థ బృందం అశ్వగంధలో బ్రాసినోస్టెరాయిడ్ దారి చివర ఉన్న పీ450 జన్యువు జోరు పెంచి చూసి, 2019లో ఫలితాలు ప్రకటించింది. ఎదుగుదల హార్మోనూ పెరిగింది, విథనోలైడులూ పెరిగాయి. నోరు నొక్కితే రెండూ తగ్గాయి. సిమెంటు కాలువలో ఇది జరగదు. దిగువ మడిలో నీరు పెరిగితే తలదగ్గర గేట్లు ఎత్తే పద్ధతి ఈ మొక్కలో ఏదో ఉంది.

ఆకుల్లో వితఫెరిన్-ఎ అనే విథనోలైడ్ ఎక్కువ, వేళ్లలో విథనోలైడ్-ఎ ఎక్కువ. ఒకే మొక్కలో చోటునుబట్టి తూములు వేరువేరుగా ఎత్తుతున్నాయన్నమాట. వేరు ఖరీదు, ఆకు చవక గనక మార్కెట్లో ఆకు కలిపే ప్రలోభం ఎప్పుడూ ఉంటుంది. ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో ఆకు వాడొద్దని, వేరునే వాడాలని తయారీదార్లకు సూచించింది. సంప్రదాయంలో ఎక్కువగా చెప్పింది వేరును గురించే. ఆకు సరుకు దాంతో సమానం కాదనడానికి రసాయనశాస్త్రంలోనూ ఆధారం ఉంది.

తగ్గిస్తే పండిన వరి

పంటల వైపు ఈ హార్మోనును పైనుంచి ఇచ్చి చూసే పనిలో తెలుగువాళ్ల పాత్ర చిన్నది కాదు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర శాఖలో ఎస్. సీతారామారావు గారు, బి. విద్యావర్ధిని గారు 1998లో వేరుసెనగ ఎదుగుదల మీద, దిగుబడి మీద దీని ప్రభావం చూపించారు. 2001లో ఎస్. అనూరాధ గారితో కలిసి రావు గారు ఉప్పునీటిలో మొలకెత్తలేక ఇబ్బందిపడే వరి గింజకు ఈ హార్మోను ఊతమిస్తుందని చూపారు. ఈ బృందం రాసిన సమీక్ష 2002లో అచ్చయింది బెంగళూరు పత్రికలోనే. 1932 నుంచి ఈ ఊళ్లో వెలువడుతున్న 'కరెంట్ సైన్స్'లో. మొక్క స్టెరాయిడ్ల గురించి మనదేశపు విద్యార్థులు ఎందరో మొదట చదివింది ఆ వ్యాసమే అయి ఉంటుందని నా అనుమానం.

పైనుంచి ఇవ్వడం ఒక దారి. జన్యువును మార్చడం ఇంకో దారి. ఇక్కడ మన సహజమైన ఊహ తలకిందులైంది. హార్మోను పెంచితే పంట పెరుగుతుందని అనుకుంటాం. జపాన్ శాస్త్రవేత్తలు 2006లో డ్వార్ఫ్4 తూము చెడిన వరిని నాటి చూశారు. అందులో బ్రాసినోస్టెరాయిడ్ తక్కువ. ఆకులు వాలిపోకుండా నిటారుగా నిలబడ్డాయి. ఆకు నిలబడితే కింది ఆకులకూ వెలుతురు అందుతుంది, మొక్కలను దగ్గర దగ్గరగా నాటొచ్చు. అలా ఒత్తుగా నాటిన మడిలో అదనపు ఎరువు వేయకుండానే దిగుబడి పెరిగింది. (హరితవిప్లవపు ఐఆర్8 పొట్టితనం వేరే కథ. అది జిబ్బరెల్లిన్ తూము చెడటం వల్ల వచ్చింది.) జపాన్, కొరియాల్లో రైతులు చాలాకాలంగా పండిస్తున్న 'ఉజు' అనే పొట్టి బార్లీలో కూడా ఈ హార్మోను గ్రాహకమే కొంచెం చెడి ఉందని 2003లో తేలింది. రైతులు తమకు తెలియకుండానే ఆ జన్యువును ఏరుకున్నారు.

అరాబిడాప్సిస్‌లో డ్వార్ఫ్4 చెడితే మొక్క పిడికిట్లో ఇమిడిపోయింది. వరిలో చెడితే ఆకు నిలబడింది తప్ప గింజకు నష్టం రాలేదు. కారణం, వరిలో ఆ పనికి రెండు తూములున్నాయి. ఒకటి మూసినా రెండోది గింజకు సరిపడా హార్మోను అందించింది. కాబట్టి ఏ పంటలోనైనా ఈ ఉపాయం పారాలంటే ముందు ఒక్కో తూముకు ఎన్ని ప్రతులున్నాయో, ఏది ఆకులో, ఏది వేరులో, ఏది గింజలో పనిచేస్తుందో లెక్క తేలాలి. ఆ లెక్కకు కావలసిన మూలపుస్తకం రాగికి ఇప్పటికే ఉంది. అల్లాళసంద్ర పక్కనే, జీకేవీకేలోని బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో శైలజా హిట్టల్మని బృందం ఎంఎల్-365 అనే రాగి రకపు జన్యురాతను మొత్తంగా చదివి 2017లో ప్రచురించింది. రెండు వేరు గడ్డిజాతులు కలిసి పుట్టిన పంట రాగి. రెండు వంశాల జన్యువులనూ జంటగా మోస్తోంది. అందువల్ల ఒక్కో తూముకు కనీసం రెండు ప్రతులు ఉంటాయని ఆశించవచ్చు. వరిలో అదృష్టం కొద్దీ దొరికిన వెసులుబాటు రాగికి పుట్టుకతోనే వచ్చి ఉండొచ్చు.